ఎత్తు తగ్గించండి, వెడల్పు పెంచండి

ఇంట్లో రీఫ్ ట్యాంకు పెట్టుకోవాలనుకున్న వాళ్ళలో చాలామంది ముందు గోడ కొలుస్తారు. సోఫాకూ టీవీకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత పొడవు. చూడటానికి నిండుగా ఉండాలని రెండున్నర అడుగుల ఎత్తు. హాలు ఇరుకైపోకూడదని అడుగున్నర వెడల్పు. ఆ మూడు అంకెలూ చీటీ మీద రాసుకుని గాజు దుకాణానికి వెళ్తారు. అక్కడ ఎవరూ ఎందుకని అడగరు. చెప్పిన కొలతకు గాజు కోసి, సిలికాన్ పెట్టి ఇచ్చేస్తారు. లైటు నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చు. పంపు, స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) కూడా అంతే. ట్యాంకు కొలత నచ్చకపోతే మాత్రం చేపల్ని, పగడాల్ని, రాళ్ళని, వందల లీటర్ల ఉప్పునీటిని బయటికి తీసి మళ్ళీ మొదటికి రావాలి. అందుకే ఈ అధ్యాయమంతా ఆ మూడు అంకెల గురించే.

పొడవంటే ఎడమ నుంచి కుడికి. వెడల్పంటే ముందు గాజు నుంచి వెనక గాజు దాకా. ఎత్తంటే అడుగు నుంచి పై అంచు దాకా. ఈ మూడింట్లో అందరూ చివర ఆలోచించేది వెడల్పు. నన్నడిగితే మొదట ఆలోచించాల్సిందే అది.

రెండు ట్యాంకులు ఊహించుకోండి. మొదటిది 48 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు. రెండోది అదే 48 పొడవు, కానీ 24 వెడల్పు, 18 ఎత్తు. వెడల్పూ ఎత్తూ తారుమారయ్యాయి, అంతే. అంచుల దాకా లెక్కేస్తే రెండింట్లోనూ పట్టేది సుమారు 340 లీటర్లే. ఇక తేడాలు చూడండి. మొదటిదానికి 28 చదరపు అడుగుల గాజు కావాలి, రెండోదానికి 26 చాలు. నీటి ఒత్తిడి ఎత్తుతో పెరుగుతుంది. మొత్తం గాజు మీద పడే బలమైతే ఎత్తు వర్గంతో పెరుగుతుంది. నిండా నీళ్ళున్నప్పుడు 24 అంగుళాల ట్యాంకు ముందు గాజును బయటికి నెట్టే బలం 230 కిలోల బరువుకు సమానం. 18 అంగుళాల ట్యాంకులో అది 130 కిలోల దగ్గరే ఆగుతుంది. ఆరంగుళాల ఎత్తు తగ్గితే సిలికాన్ అతుకుల మీద భారం సగానికి దగ్గరగా పడిపోయింది. ఏళ్ళ తరబడి అతుకు నిలవాలంటే ఇంతకంటే చవకైన బీమా లేదు.

నీటి పైభాగం సంగతి ఇంకా ముఖ్యం. మొదటిదానికి 6 చదరపు అడుగుల ఉపరితలం ఉంది, రెండోదానికి 8. ట్యాంకులోకి ఆక్సిజన్ వచ్చేది ఆ పైభాగం నుంచే. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు చేపలు ఎంతసేపు తట్టుకుంటాయన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. హైదరాబాదులో దీనికి మరో ఉపయోగం ఉంది. రీఫ్ ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో బయట ఎండ 40 దాటుతుంది. మన ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పితే ఆవిరి లేచి నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. పైభాగం ఎంత వెడల్పుగా ఉంటే ఫ్యాను అంత బాగా పనిచేస్తుంది. వానాకాలం గాలిలో తేమ పెరిగితే ఈ ఉపాయం మందగిస్తుంది, అయితే అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. మిద్దె కిందే ఉన్న పై అంతస్తులో చిల్లర్ తప్పదు. ఆ చిల్లర్ వేడిగాలి వదులుతుంది కనుక దానికి స్టాండు లోపల కాకుండా పక్కన చోటు చూసుకోవాలి.

రాళ్ళు పేర్చేటప్పుడు వెడల్పు విలువ కళ్ళకు కడుతుంది. గాజు మీద పట్టే నాచును అయస్కాంతంతో రుద్దాలంటే ముందు నాలుగంగుళాలు వదలాలి. వెనక నీటి ప్రవాహం తిరగడానికి మరో నాలుగు వదలాలి. గాజు మందం కూడా పోతే 18 అంగుళాల ట్యాంకులో రాళ్ళకు మిగిలేది తొమ్మిదంగుళాలు. అందులో మీరు ఎంత నేర్పుగా పేర్చినా గోడలాగే వస్తుంది. 24 అంగుళాల ట్యాంకులో పదిహేను మిగులుతాయి. అందులో ఒక గుహ, దాని ముందు ఒక అరుగు, రెండు గుట్టల మధ్య చేప దూరిపోయే సందు, అన్నీ కుదురుతాయి. చిన్న డామ్సెల్ చేప మరో చేపను తరిమినప్పుడు ఆ సందే పారిపోయే చేప ప్రాణం కాపాడుతుంది. పగడాలు కూడా పక్కలకు పెరుగుతాయి. అరచేతిలో పట్టే తోలు పగడం కొన్నేళ్ళలో అడుగు వెడల్పు దాటుతుంది. పక్కనున్న పగడాల మీదికి అది రసాయనాలు వదులుతుంది. దూరం దూరంగా పెట్టడానికి చోటు లేకపోతే ఒకటి పెరిగి రెండు చనిపోతాయి.

చేయి అందడం గురించి ఎవరూ ముందు ఆలోచించరు. భుజం నుంచి వేలి కొస దాకా పెద్దవాళ్ళ చేయి సుమారు రెండడుగుల పైచిలుకు. స్టాండు మూడడుగులు, దాని మీద రెండున్నర అడుగుల ట్యాంకు ఉంటే, అడుగున పడిన పగడం ముక్క తీయడానికి స్టూలెక్కి, చంక దాకా ఉప్పునీటిలో ముంచాలి. అలాంటి పని రేపు చూద్దామనిపిస్తుంది. చనిపోయిన చేప రాయి వెనక పడి ఉన్నప్పుడు ఆ వాయిదా ట్యాంకునంతా పాడుచేస్తుంది. చేయి సులభంగా అందే ట్యాంకు శుభ్రంగా ఉంటుంది. ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు చాలు, అంతకు మించి అక్కర్లేదు.

ఏ జీవులు పెంచుతామన్నది చట్టంతో ముడిపడిన విషయం. గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు, వీటితోపాటు సముద్ర గుర్రాలూ 2001 జూలై నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 మొదటి షెడ్యూలులోకి వచ్చాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రం నుంచి తీసిన చచ్చిన పగడపు రాయిని దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. 2022 సవరణతో షెడ్యూళ్ళు మారాయి, విదేశీ రకాల నమోదుకు వేరే నిబంధనలు వచ్చాయి. కొనే ముందు సైఫాబాద్‌లోని అరణ్య భవన్‌లో అటవీ శాఖ వారిని అడిగి జాబితా చూసుకోండి, దుకాణదారు దగ్గర బిల్లు తీసుకోండి. రాళ్ళకు చేత్తో చేసిన సిమెంటు రాయి, సిరామిక్ రాయి వాడండి. ఆరు నెలల్లో వాటి మీద కూడా మంచి బ్యాక్టీరియా, గులాబీ నాచు పడతాయి. చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్, డామ్సెల్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతిని మన దేశంలోనే సాధించారు. ఈ సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. సముద్రాన్ని దోచి ఇంట్లో సముద్రం పెట్టుకోవడంలో నాకైతే ఏ అందమూ కనిపించదు.

ఈ చట్టానికీ కొలతకూ సంబంధమేమిటంటారా? ఎండ మండే నీటిలో పెరిగే గట్టి పగడాలను పక్కన పెడితే, జాబితాలో లేని మెత్తటి రకాలకు మధ్యరకం వెలుతురు చాలు. తక్కువ ఎత్తు ట్యాంకులో ఆ వెలుతురు అడుగు దాకా సులభంగా చేరుతుంది. ఖరీదైన లైట్లు అక్కర్లేదు. ఒక ఎల్ఈడీ లైటు సాధారణంగా రెండడుగులకు రెండడుగుల మేర బాగా వెలిగిస్తుంది. కాబట్టి పొడవును రెండడుగుల లెక్కన ఆలోచించండి: రెండు, నాలుగు, ఆరు. నాలుగున్నర, ఐదు అడుగులు ఇబ్బందిగా మిగిలిపోతాయి. చివర చీకటి ఉంచాలి, లేదంటే మూడో లైటు కొనాలి.

చేపల వరకు చూస్తే పొడవే ముఖ్యం. క్లౌన్ జంట మూడడుగుల ట్యాంకులో హాయిగా బతుకుతుంది. టాంగ్ చేపలు రోజంతా అటూ ఇటూ ఈదుతూనే ఉంటాయి. వాటిలో పెద్ద రకాలకు ఆరడుగుల కంటే తక్కువ పొడవు బందిఖానాయే. మీ ట్యాంకు నాలుగడుగులదైతే పసుపు టాంగ్ మీద ఆశ ఇప్పుడే వదిలేయండి. చిన్న ట్యాంకులో పెట్టి పెద్దదయ్యాక చూద్దామనుకోవద్దు.

ఇక ఇల్లు. ఉదాహరణకు చాదర్‌ఘాట్‌నే తీసుకుంటాను. ఈ ఒక్క పేటలో హైదరాబాదులోని అన్ని కాలాల ఇళ్ళూ ఉన్నాయి. డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడల పాత ఇళ్ళు, నాలుగైదంతస్తుల అపార్ట్‌మెంట్లు, మూసీ ఒడ్డున నేల మీది ఇళ్ళు. ఒక్కోదానికి ఒక్కో రకం ట్యాంకు నప్పుతుంది.

ట్యాంకు మాట ఎత్తగానే ఇంట్లో అమ్మ అడిగేది ఒకటే. "గింత బరువు మీద పెడ్తే స్లాబ్ ఆగుతదా బిడ్డా?" కొడుకు "ఏం గాదమ్మా" అనేస్తాడు. అమ్మ అడిగింది సరైన ప్రశ్న. 48×24×20 అంగుళాల ట్యాంకు తీసుకుని లెక్కేద్దాం. లోపల నిలిచే నీళ్ళు సుమారు 320 కిలోలు. 12 ఎంఎం గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, ట్యాంకంతటికీ కలిపి 78 కిలోలు. రాళ్ళూ ఇసుకా 45, స్టాండు 60, స్టాండు లోపల నీరు వడపోసే చిన్న ట్యాంకూ (దీన్నే సంప్ అంటారు) అందులోని నీళ్ళూ కలిపి వంద. మొత్తం ఆరు వందల కిలోలు దాటింది. నిండు గ్యాస్ సిలిండర్లు ఇరవై తెచ్చి ఎనిమిది చదరపు అడుగుల చోట నిలబెట్టినట్టు. ఇళ్ళ స్లాబులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 చెప్పే వాడుక భారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. ట్యాంకు కింద అది 800 అవుతుంది.

భయపడాల్సిన పని లేదు. ఆ 200 గదంతటికీ వర్తించే లెక్క, 12×12 అడుగుల గదికి మొత్తం రెండున్నర టన్నుల పైమాట. గది నడుమ ట్యాంకు పెట్టడం మాత్రం తప్పు. కింద బీమ్ ఉన్న గోడకు దగ్గరగా, వీలైతే పిల్లర్ పక్కన, పొడవు వైపు గోడ వెంట పెట్టాలి. బాల్కనీలో వద్దు. గది మూలకు జరిపితే కాస్త అందం తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది. నాలుగడుగులు దాటితే స్ట్రక్చరల్ ఇంజనీరును ఒక్కసారి పిలిచి చూపించండి. పాత ఇళ్ళలో దూలాలు, ఇనుప గర్డర్ల మీద ఇటుక కమానులతో వేసిన పైకప్పులు ఉంటాయి. అలాంటి మేడ మీద ట్యాంకు మాటే తలపెట్టొద్దు. కింది అంతస్తులో నేల మీద పెట్టుకోండి, అక్కడ ఆరడుగులదైనా సరే.

మూసీకి దగ్గరగా నేల మీదున్న ఇళ్ళకు బరువు సమస్య లేదు, నీటి సమస్య ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద ఈ నగరం మరిచిపోలేదు. 2025 సెప్టెంబరు చివర గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తినప్పుడు చాదర్‌ఘాట్ దగ్గరి లోలెవెల్ వంతెన మునిగింది, ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి. ఆ పల్లంలో ఉన్నవాళ్ళు సంప్ లేని ట్యాంకు కట్టించుకోవడం మంచిది. ప్లగ్గులు, అడాప్టర్లు నడుము ఎత్తుకు పైన గోడకు బిగించాలి. మూడడుగులకు మించిన ట్యాంకు వద్దు, అవసరమైతే ఖాళీ చేసి ఎత్తుకెళ్ళగలిగేలా ఉండాలి.

దారి కొలవడం మరిచిపోతే గాజు గుమ్మంలోనే ఆగిపోతుంది. గల్లీలోకి ట్రాలీ ఆటో వస్తుందా, మెట్ల మలుపులో నాలుగడుగుల పెట్టె తిరుగుతుందా, ద్వారబంధం వెడల్పెంత, ఇవన్నీ టేపు పట్టి కొలవండి. మలుపు తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. అట్టపెట్టెలు చింపి, టేపేసి, ట్యాంకు కొలతకే పెట్టె చేసి ఇద్దరు మనుషులతో మోయించి చూడండి. అదే పెట్టెను హాల్లో అనుకున్న చోట ఒక వారం ఉంచండి. దేవుని గూటికి అడ్డమవుతుందా, అల్మారా తలుపు తగులుతుందా, బట్టలారేసుకునే దారి మూసుకుపోతుందా, ఇంట్లో అందరూ చెప్తారు. వెనక పైపుల కోసం గోడకు ఆరంగుళాలు వదలాలని గుర్తుంచుకోండి. 24 అంగుళాల ట్యాంకు అసలు తీసుకునేది 30 అంగుళాలు.

సంప్ పెట్టుకునేవాళ్ళకు ఒక లెక్క తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు ఓవర్‌ఫ్లో గండి మట్టం దాకా పై ట్యాంకు నీరు కిందికి దిగుతుంది. 48×24 ట్యాంకులో ఒక్క అంగుళం మట్టం తగ్గితే 19 లీటర్లు దిగినట్టు. అంగుళంన్నర దిగితే 28. సంప్‌లో ఎప్పుడూ 40 లీటర్ల ఖాళీ ఉంచితేనే హాలు తడవదు. కాబట్టి సంప్ మూడడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉండాలి. స్టాండు తలుపు లోంచి అది బయటికి రావాలి. దాని మీద స్కిమ్మర్ గిన్నె ఎత్తి తీయడానికి చోటుండాలి. స్టాండు 32 నుంచి 34 అంగుళాలుంటే ఇవన్నీ సరిపోతాయి. స్టాండుకు ప్లైవుడ్ వద్దు, ఉప్పునీటికి ఉబ్బిపోతుంది. స్క్వేర్ పైపుతో వెల్డింగ్ చేయించి ఎపాక్సీ పెయింటు వేయించండి. పైపులు, యూనియన్లు, వాల్వులు చాదర్‌ఘాట్ వాళ్ళకు నడక దూరంలోనే ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి.

ఎన్ని లీటర్లన్నది చివరికి మీ ఓపికకు సంబంధించిన ప్రశ్న. విశాఖలో ఉన్నవాళ్ళకు సముద్రం పక్కనే ఉంది. హైదరాబాదులో ప్రతి లీటరు సముద్రాన్నీ మనమే చేసుకోవాలి. ఆర్‌ఓ నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు మిశ్రమం కలపాలి. సంప్‌తో కలిపి 400 లీటర్ల ట్యాంకుకు మొదటిసారి 14 కిలోలు. వారానికి పది శాతం మారిస్తే ప్రతి ఆదివారం 40 లీటర్లు, కిలోన్నర దాకా ఉప్పు. ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీళ్ళు వేరే. బోరు నీళ్ళ ఇళ్ళలో ఫిల్టర్లు త్వరగా చెడతాయి. ఇదంతా నెలకు ఎంతవుతుందో, వారానికి రెండు మూడు గంటలు ఎవరు కేటాయిస్తారో ట్యాంకు కట్టించే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నలుగురూ ఒప్పుకున్న ట్యాంకే నిలుస్తుంది.

అలాగని మరీ చిన్నదానికీ దిగొద్దు. 60 లీటర్ల ట్యాంకులో రెండు లీటర్లు ఆవిరైతే ఉప్పు 35 నుంచి 36 దాటుతుంది. 400 లీటర్లలో ఐదు లీటర్లు పోయినా 35.4 దగ్గరే ఉంటుంది. ఆ నిలకడే పగడాలకు ప్రాణం. మొదటిసారి పెట్టుకునేవాళ్ళకు 250 నుంచి 400 లీటర్ల మధ్య సరైన చోటు. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటే 36×24×18 పెట్టుకోమంటాను, సుమారు 255 లీటర్లు. బీమ్, పిల్లర్ అనుకూలంగా ఉంటే 48×24×20. పాత ఇంటి నేల అంతస్తులో 72×24×20 దాకా వెళ్ళొచ్చు, వారం వారం నీళ్ళు మార్చే ఓపిక ఉంటేనే.

కొలత తేలాక గాజు దుకాణంలో కాగితం రాయించండి. "భాయ్, బయటి కొలతా, లోపలి కొలతా?" అని వాళ్ళు అడగకపోతే మీరే చెప్పండి. 12 ఎంఎం గాజుతో బయట 48 ఉంటే లోపల 47 మాత్రమే. గాజు మందం, ఓవర్‌ఫ్లో రంధ్రాలు ఏ వైపు ఎన్ని అంగుళాల్లో, పైన పట్టీ గాజు వేస్తారా లేదా, అంచులు పాలిష్ చేస్తారా, అన్నీ అంగుళాల్లోనూ మిల్లీమీటర్లలోనూ రాయించండి. రంధ్రాలు వేసే గాజు టెంపర్డ్ కాకూడదు, పగిలిపోతుంది. సిలికాన్ ఆరడానికి కనీసం వారం ఇవ్వండి. తరువాత దుకాణం బయటే మంచినీళ్ళు నింపి రెండు రోజులు ఉంచి, అతుకుల వెంట టిష్యూ కాగితం రాసి తడి చూడండి. ఇంటికి తెచ్చాక స్టాండును రసమట్టంతో సరిచూసి, మీద థర్మకోల్ షీటు వేసి, అప్పుడు ట్యాంకు దించండి. ఇవన్నీ రాసిన కాగితం మీద దుకాణదారు సంతకం పెట్టాకే అడ్వాన్సు ఇవ్వండి.